పెట్రోల్ ట్యాంకుల గూడబాతు: గుంటూరు రోడ్డు పక్క బొమ్మ పని డైరీ

సంక్రాంతి వెళ్ళాక, 2025

గుంటూరు ఊరి చివర ఉప్పలపాడు వైపు తిరిగే మలుపులో మూడు మూలల జాగా ఒకటి ఖాళీగా పడి ఉంది. చిరిగిన ఫ్లెక్సీలు, కొబ్బరిబోండాం డొప్పలు తప్ప అక్కడ ఏమీ ఉండవు. దగ్గరి కాలనీ వాళ్ళు, షాపుల వాళ్ళు చందాలు వేసుకుని అక్కడో బొమ్మ పెడదామనుకున్నారు. పని నాకు అప్పజెప్పారు. ఏం బొమ్మ అన్న దగ్గర పెద్దగా చర్చ జరగలేదు. ఉప్పలపాడు చెరువుల్లో సర్కారు తుమ్మల మీద చలికాలమంతా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. ఆ దారికి గుర్తుగా పెట్టేది గూడబాతే అయ్యుండాలని అందరూ ఒక్క మాట మీదున్నారు.

దేంతో చెయ్యాలన్న దగ్గర మాత్రం గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఫైబర్ బొమ్మయితే నున్నగా, తెల్లగా, తేలిగ్గా వస్తుందని కొందరన్నారు. నేను పాత బండ్ల సామాను అన్నాను. ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. నాగార్జున యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చెప్పే పడకండ్ల శ్రీనివాస్ గారు బండ్ల తుక్కుతో చేసిన బొమ్మలు చాలా ఊళ్ళలో నిలబడి ఉన్నాయి. తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వాళ్ళబ్బాయి రవిచంద్ర నట్లు పేర్చి గాంధీ విగ్రహం చేశారు, పాత ఇనుముతో 14 అడుగుల మోదీ విగ్రహమూ చేశారు. ఢిల్లీలో 2019లో తెరిచిన వేస్ట్ టు వండర్ పార్కులో ఏడు వింతల నమూనాలకి 150 టన్నుల తుక్కు పట్టింది. చండీగఢ్‌లో నేక్ చంద్ పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో కట్టిన రాక్ గార్డెన్‌ని 1976 నుంచి జనం చూస్తూనే ఉన్నారు.

నేను చెయ్యాలనుకున్న పద్ధతి ఒకటుంది, దాని మీదే ఈ పనంతా నడుస్తుంది. రోడ్డు పక్క బొమ్మని రెండు దూరాల నుంచి చూస్తారు. బండి మీద నలభై స్పీడులో వచ్చే మనిషి సెకనుకి పదకొండు మీటర్లు దాటేస్తాడు. అరవై మీటర్ల నుంచి కనబడిందనుకున్నా అతని చేతిలో ఉండేది అయిదారు సెకన్లు. ఆ కాస్తలోనే అది గూడబాతు అని తెలిసిపోవాలి. బస్సు కోసం పక్కనే నిలబడ్డ మనిషికి చాలా టైముంటుంది. ఆయనకి కనబడాల్సింది ట్యాంకు, చైను, హ్యాండిల్, కమాన్ పట్టీ (బండి కింద కుదుపులు ఆపే స్ప్రింగు ఉక్కు పట్టీ). దూరానికి పక్షి, దగ్గరికి సామాను. ఈ రెండింటిలో ఏది తగ్గినా తుక్కుతో చెయ్యడానికి అర్థం లేదు. సామాను కనపడనప్పుడు ఫైబర్‌తోనే చేసుకోవచ్చు, పనీ తేలిక.

పికాసో 1942లో సైకిల్ సీటుకి హ్యాండిల్ కలిపి ఎద్దు తల చేశాడు. అందులో సీటు సీటుగానే ఉంది, హ్యాండిల్ హ్యాండిల్‌గానే ఉంది, అయినా అది ఎద్దే. నాకు తెలిసి ఈ పనికి ఇంతకు మించిన పాఠం లేదు.

మాఘమాసం, ఆటోనగర్

గుంటూరు ఆటోనగర్‌లో కొంత సామాను దొరికింది. అసలు సరుకు విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. అక్కడి పాత ఇనుము షాపుల్లో ఒక వరసంతా బైకు ట్యాంకులే పేర్చి ఉన్నాయి. ఇన్ని ఎక్కడివన్నా అని అడిగితే షాపాయన ఒక్క మాటే అన్నాడు: "బుడమేరు సరుకమ్మా."

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగినప్పుడు ఇళ్ళ ముందు నిలబెట్టిన బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. ఇంజిన్లోకి బురద పోయిన బండిని బాగు చేయించుకోవడం అందరి వల్లా కాలేదు. కొందరు వచ్చిన రేటుకి అమ్మేసుకున్నారు. ఒక స్ప్లెండర్ ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూశాను. లోపలి గోడ మీద బురద గీత ఒకటి అడ్డంగా, తిన్నగా ఉంది. గీత కింద తుప్పు, పైన ఇంకా మెరుస్తున్న రేకు. నీళ్ళు లోపల ఎంతవరకు నిలిచాయో ఆ గీతే చెబుతోంది.

ఆ ట్యాంకు తీసుకున్నాను. గూడబాతు ఒంటికి ఇలాంటివే కావాలని అక్కడే నిర్ణయించుకున్నాను. ఏ బొమ్మకైనా ఇనుము ఇనుమే అంటారు కొందరు, నేను ఒప్పుకోను. నీళ్ళలో బతికే పక్షిని నీళ్ళలో మునిగిన బండ్లతో చేస్తే, ఆ బండ్ల వాళ్ళు ఎవరైనా ఈ దారిన వచ్చినప్పుడు బొమ్మ వాళ్ళతోనూ మాట్లాడుతుంది.

రేటు మామూలు తుక్కు రేటే, కాటా వేసి ఇచ్చాడు. ఏరుకుని తీసుకుంటున్నానని కిలోకి కాస్త ఎక్కువ పడింది, అది న్యాయమే. ట్యాంకులతో పాటు మినీ వ్యాను కమాన్ పట్టీలు, లారీ పట్టీలు, బైకు చైన్లు, హ్యాండిళ్ళు, సైకిల్ చువ్వలు, బేరింగులు, లారీ ప్రొపెల్లర్ షాఫ్టులు (ఇంజిన్ వైపు నుంచి వెనక చక్రాలకి తిప్పుడు అందించే పొడుగాటి గొట్టాలు) వచ్చాయి. ఇత్తడి, రాగి ముక్కలు ఎంత బాగున్నా ముట్టుకోలేదు. రోడ్డు పక్క పెట్టాక రాత్రికి రాత్రి మాయమయ్యేవి ముందు అవే. షాక్ అబ్జార్బర్లు కూడా వద్దనుకున్నాను. లోపల గ్యాసు, ఆయిలు ఒత్తిడి మీద ఉంటాయి, వాటి మీద వెల్డింగ్ పెట్టడం ప్రాణాలతో ఆట. బ్రేకు షూల జోలికీ పోలేదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గ్రైండర్ పెడితే ఆ పొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకే.

ఉప్పలపాడు చెరువు గట్టు

బొమ్మ గీసే ముందు పక్షిని చూడాలి. గట్టు మీద కూర్చుని అవి దిగడమే చూస్తూ ఉన్నాను.

గూడబాతు ఎగిరేటప్పుడు మెడ చాపదు. కొంగల్లో కొన్ని చాపుతాయి, ఇది మాత్రం మెడని వెనక్కి మడిచి తలని భుజాల మీద ఆనించుకుంటుంది. కొమ్మ మీదికి దిగేటప్పుడు కాళ్ళు ముందుకి తోస్తుంది, రెక్కలు పైకి లేపి వెడల్పుగా విప్పుతుంది. అప్పుడు రెక్క చివరి ఈకలు ఒకదానికొకటి తగలకుండా విడిపోతాయి, మధ్యలోంచి ఆకాశం కనిపిస్తుంది. నాలుగు వేళ్ళనీ కలిపి పొర ఉంటుంది, బాతుకయితే మూడే. పై ముక్కు అంచున వరసగా చుక్కలు, కొసన చిన్న కొక్కెం. మెడ వెనక జుట్టు నిక్కబొడుచుకుని ఉంటుంది.

దిగుతున్న భంగిమే ఖాయం చేశాను. రెక్కలు విప్పి ఉంటాయి కాబట్టి దూరానికి పోలిక తెలుస్తుంది. మెడ మడిచి ఉంటుంది కాబట్టి బరువు ముందుకి లాగదు.

ఏది ఎక్కడికన్నది ఆ గట్టు మీదే చాలావరకు తేలిపోయింది. మినీ వ్యాను మెయిన్ పట్టీకి కొసన చుట్ట తిప్పి ఉంటుంది, పట్టీని బండికి బిగించే షాకిల్ పిన్ను దూర్చేందుకు. ఆ చుట్టని సగం కోస్తే అదే ముక్కు కొక్కెం. పట్టీ పొడవునా నట్లు వరసగా పెడితే ముక్కు మీద చుక్కలు. ముక్కు కింద వేలాడే సంచికి బైకు ట్యాంకు నిలువునా సగం. మెడకి వంచిన పైపు, దాని మీద చైన్లు. మెడ వెనక జుట్టుకి సైకిల్ చువ్వలు. కంటికి బేరింగ్. రెక్కల ఈకలకి లారీ పట్టీలు, వాటిలో కొన్నిటికి కొసలు ఎలాగూ పలచగానే ఉంటాయి.

శివరాత్రి ముందు: ఫ్లెక్సీ గూడబాతు

అసలు పని మొదలుపెట్టే ముందు వెదురు బద్దలు, పాత ఫ్లెక్సీ గుడ్డతో నిలువెత్తు ఆకారం ఒకటి కోసి ఆ జాగాలోనే నిలబెట్టాం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 12 అడుగులు, నేల నుంచి మొత్తం ఎత్తు 14. తర్వాత అన్ని వైపుల నుంచీ బండి మీద వచ్చి చూశాం. ఊళ్ళోంచి వచ్చే వైపు బాగుంది. ఉప్పలపాడు నుంచి వచ్చేటప్పుడు రెక్క అంచు ఒకటే కనబడి గొడుగు కర్రలా అనిపించింది, అందుకని పక్షిని కొంచెం పక్కకి తిప్పాం. రోడ్డు మలుపులో ఎదురొచ్చే బండిని దాచేది ఏదీ ఉండకూడదు. డ్రైవరు కంటి ఎత్తులో ఉండేది పక్షి దిగే చెట్టు మొద్దు ఒక్కటే అయ్యేలా, పక్షి అంతా దాని పైనే ఉండేలా కొలతలు సరిచేశాం.

ఎవరికైనా ఒక్క సలహా ఇవ్వమంటే ఇదే ఇస్తాను. ఫ్లెక్సీ గుడ్డకి పైసా ఖర్చు లేదు, షెడ్డులో కాగితం మీద తెలియనివన్నీ రోడ్డు మీద పది నిమిషాల్లో తెలుస్తాయి.

పర్మిషన్ కాగితాల కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరుగుడు మాత్రం ఈ మొత్తం పనిలో బాగా విసిగించింది. దాని గురించి ఇంతకంటే రాయను.

ఉగాది రోజులు: గాలి, నేల

మిత్రుడొకాయన సివిల్ ఇంజినీరు. ఆయన లెక్క వేసే వరకు నేను మొద్దుకి ఒక్క ప్రొపెల్లర్ షాఫ్టు చాలనే అనుకుంటున్నాను, నాలుగంగుళాల గొట్టం కదా అని. ఆయన ముందు గాలి సంగతి అడిగాడు.

మనది తుపాన్ల తీరం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కట్టడాల మీద గాలి లెక్కకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకి ఇచ్చిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువుతో తోస్తుంది. రేకుతో మూసేసిన రెక్కలయితే రెండూ కలిపి అయిదు చదరపు మీటర్లు, అంటే నేల నుంచి పన్నెండడుగుల ఎత్తులో 750 కిలోల తోపు. ఈకల మధ్య సందులు వదిలితే గాలికి తగిలే ఇనుము మూడు చదరపు మీటర్లకి దిగుతుంది. గట్టు మీద చూసిన ఆకాశం సందులు ఇక్కడ అక్కరకొచ్చాయి. పక్షి ఎందుకు విప్పుతుందో నాకు తెలియదు గానీ, బొమ్మకి మాత్రం ఆ సందులే ప్రాణం.

అయినా ఒక్క షాఫ్టు చాలదని తేల్చేశాడు. ఆ తోపుకి మొదలు దగ్గర వంగిపోతుందట. మూడు షాఫ్టుల్ని ముక్కోణంగా, ఒకదానికొకటి జానెడు దూరంలో నిలబెట్టి మధ్యలో అడ్డ పట్టీలతో కట్టేస్తే బలం మూడింతలు కాదు, అంతకంటే బాగా ఎక్కువ అవుతుందన్నాడు. అలా కట్టాక చూస్తే అది మూడు కాండాలు పెనవేసుకున్న తుమ్మ మొద్దులా ఉంది. నాకు కావలసిన రూపం లెక్క నుంచే వచ్చింది. కొమ్మలకి బైకు హ్యాండిళ్ళు పెట్టాం, వాటి వంపులు ఎలాగూ కొమ్మల వంపులే.

ఇక నేల. గుంటూరు నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుని బీటలు వారుతుంది. ఈ ఊళ్ళో ప్రహరీ గోడలు, దిమ్మెలు ఒరిగేది అందుకే. అయిదడుగుల పొడవు, వెడల్పు, లోతుతో కాంక్రీటు దిమ్మె అనుకున్నాం, అది ఎనిమిది టన్నుల పైమాటే. దాని అడుగున రేగడి ఇంకా తవ్వేసి గ్రావెల్ పోసి, నీళ్ళు చల్లి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించాం. చుట్టూ కూడా రేగడి తగలకుండా ఇసుక నింపాం. జనానికి కనబడని ఈ పనికి చందాల్లో పెద్ద భాగం పోయింది. చందాలిచ్చిన పెద్దాయన ఒకరు "బొమ్మ ఏదమ్మా, గొయ్యే కనబడతాంది" అన్నారు. గొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి అడుగున నల్లమట్టిలో వేలు దూరే బీటలు చూపించాను. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

రోహిణి కార్తె: వెల్డింగ్ షెడ్డు

రోళ్ళు పగిలే ఎండలంటారు, షెడ్డు రేకుల కింద అది అక్షరాలా నిజం. తెల్లారుజామున మొదలుపెట్టి తొమ్మిది దాటక ముందే ఆపేస్తున్నాం, మళ్ళీ సాయంత్రం. వెల్డింగ్ బాబాయ్ ఆటోనగర్‌లో లారీ చాసిస్‌లు అతికించిన చెయ్యి. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది రాసిపెడుతున్నాను.

ట్యాంకులు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. పెట్రోలు ఎప్పుడో అయిపోయినా ఆవిరి లోపల ఉంటుంది, గాలితో కలిసి నిప్పురవ్వ కోసం చూస్తుంటుంది. బుడమేరు నీళ్ళలో మునిగింది కదా, ఇంకేం ఉంటుంది అనుకోకూడదు. సర్ఫు నీళ్ళతో బాగా కుదిపి కడిగి, మూతలు, పెట్రోలు కాక్‌లు తీసేసి ఎండలో వదిలాం. కోసేటప్పుడు కోత గీత దాకా నీళ్ళు నింపి ఉంచాం. ఆవిరికి జాగా లేకుండా చెయ్యడమే కిటుకు.

కమాన్ పట్టీలు. ఇది స్ప్రింగు ఉక్కు, కార్బన్ ఎక్కువ. మామూలు రాడ్డుతో చల్లటి పట్టీకి అతికిస్తే ఆ పూటకి అతికినట్టే ఉంటుంది, అతుకు పక్కన గాజులా పెళుసైపోతుంది. బాబాయ్ ఒక ముక్కకి అలా వేసి, చల్లారాక సుత్తితో ఒక్కటిచ్చాడు. అతుకు అలాగే ఉంది, దాని పక్కన పట్టీ టప్పున విరిగింది. "చూశావా అమ్మాయ్, బస్టాపులో పిల్లల మీద పడేది ఇదే" అన్నాడు.

తప్పనిసరిగా వెల్డింగ్ కావలసిన చోట పట్టీని ముందు గ్యాసు మంట మీద బాగా కాచి, 7018 నంబరు వెల్డింగ్ రాడ్డుని పొడిగా ఆరబెట్టి వాడి, అయిపోయిన వెంటనే ఊక బూడిదలో పాతిపెట్టాం. రైసు మిల్లు నుంచి బస్తాల్లో తెచ్చిన బూడిద అది. అందులో పెట్టిన ముక్క మర్నాడు పొద్దున తీసినా గోరువెచ్చగా ఉంది. అంత నెమ్మదిగా చల్లారితే పెళుసు రాదు.

ఈకలకి మాత్రం వెల్డింగే లేకుండా చేశాం. ప్రతి పట్టీ మధ్యలోనూ సెంటర్ బోల్టు కోసం రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాన్ని ఆనుకుని కోస్తే సగం పట్టీకి కొసన రంధ్రం దక్కుతుంది. రెక్క ఎముకగా పెట్టిన పైపుకి చెవులు అతికించి, ఈకల్ని వాటికి బోల్టులతో బిగించాం. లారీ కింద పట్టీల కట్టని పట్టి ఉంచిన రంధ్రమే ఇక్కడ ఈకని పట్టి ఉంచుతుంది. రేపు ఒక ఈక పాడైతే విప్పి మార్చుకోవచ్చు. నట్లు ఎవరూ విప్పుకుపోకుండా మాత్రం చివర్లో వాటి మీద చిన్న వెల్డింగ్ చుక్క, అంటే టాకా.

చైన్లు డీజిల్‌లో నానబెట్టి గ్రీజు వదిలేదాకా కడిగాం, లేకపోతే వెల్డింగ్ పొగ భరించలేం. హ్యాండిళ్ళ మీద క్రోమ్ పూతని అతుకు పడే చోట ముందే గీకేశాం, మాస్కు పెట్టుకుని. జింకు పూత రేకులు అసలు వాడలేదు. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందని షెడ్డుల్లో ఒక నమ్మకం. బాబాయ్ పాలూ తాగుతాడు, మాస్కూ పెట్టుకుంటాడు. పనిచేసేది మాస్కే.

మృగశిర దాటాక: రంగు గొడవ

ఈ పని మొత్తంలో నేను ఎక్కువగా వాదించింది దీని మీదే. పక్షి షెడ్డులో పూర్తిగా నిలబడింది. చూడ్డానికి వచ్చిన కమిటీ పెద్దలు బాగా మెచ్చుకున్నారు, మెచ్చుకుని "ఇంక బంగారు రంగు కొట్టించేద్దాం" అన్నారు. మన ఊళ్ళలో విగ్రహమంటే బంగారు రంగే, వాళ్ళ ఆలోచనలో తప్పేం లేదు. కానీ ఒకే రంగు, అదీ మెరిసేది, నిలువునా పూస్తే చైనుకీ ట్యాంకుకీ తేడా చచ్చిపోతుంది. దగ్గరికొచ్చిన మనిషికి చదువుకోవడానికి ఏమీ మిగలదు.

అసలేమీ వెయ్యకుండా పారదర్శకంగా వార్నిష్ కొట్టమని కుర్రాళ్ళు అన్నారు. చూడ్డానికి అదే బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఉత్త ఇనుము మీద క్లియర్ కోటు మన ఎండకి ఎక్కువ కాలం నిలవదు. ఎక్కడో ఒక గీత పడుతుంది, అందులోంచి తడి దూరి పొర కిందే తుప్పు పాకుతుంది. అప్పుడు మొత్తం గీకి మళ్ళీ మొదలు.

చివరికి కుదిరింది ఇది. ట్యాంకులకి కంపెనీ వేసిన రంగు ఉంది. బురదలో మునిగినా పైన ఆ రంగు గట్టిగానే ఉంది, స్టిక్కరు గీతలతో సహా. వాటిని కడిగి, పైన పాలీయురేథేన్ క్లియర్ కోటు ఒకటి ఇచ్చాం. సంచికి వాడినది మెరూన్ ట్యాంకు, గూడబాతు సంచి రంగుకి అది బాగా దగ్గర. ఆ ట్యాంకుని ముక్కు కింద వెల్డింగ్‌తో అతికించలేదు, వేడికి రంగు మాడిపోతుంది. బండికి బిగించే రంధ్రాలతోనే బోల్టు చేశాం. మిగతా ఇనుముకంతా తుప్పు గీకి, ఎపాక్సీ ప్రైమరు, దాని మీద మెరుపు లేని బూడిద తెలుపు. అది గూడబాతు ఒంటి రంగే. మెరుపు లేకపోవడం వల్ల నీడలు పడతాయి, చైను పళ్ళు, పట్టీ అంచులు, నట్ల మూలలు ఒక్కొక్కటీ తెలుస్తాయి. నమూనా పలకల మీద రెండు రకాలూ వేసి, ఎండలో పక్కపక్కన నిలబెట్టి పెద్దలకి చూపించాను. బంగారు రంగు పలక మీద చైను ఎక్కడుందో వాళ్ళే వెతుక్కున్నారు. మాట అక్కడితో తెగింది.

శ్రావణం: రంధ్రాలు

తుక్కు బొమ్మలన్నిటిలోనూ గిన్నెలాంటి జాగాలు ఉంటాయి. సగం కోసిన ట్యాంకు, బేరింగు కప్పు, హ్యాండిల్ నోరు. వాన నీళ్ళు అక్కడ నిలిస్తే రెండు అనర్థాలు. ఒకటి తుప్పు. రెండోది డెంగీ దోమ. అది గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే, వారం పది రోజుల్లో పిల్లదోమ రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. ఊరికి అందమని పెట్టిన బొమ్మ బస్టాపులో జ్వరాలు పంచకూడదు. బకెట్‌తో పైనుంచి నీళ్ళు పోసి, ఎక్కడ ఆగుతాయో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, ప్రతి చోటా అడుగున డ్రిల్లు వేశాం. పైకి తెరిచి ఉన్న గొట్టాలకి మూతలు వెల్డ్ చేశాం. పిల్లలకి అందే ఎత్తులో అంచులన్నీ వేలు పెట్టి తడిమి, గీసుకున్న చోటల్లా గ్రైండర్ పట్టించాను.

వినాయక చవితి ముందు: నిలబెట్టడం

క్రేను తెల్లవారుజామున వచ్చింది, ట్రాఫిక్ మొదలవక ముందే. మొద్దు ముందు, పక్షి తర్వాత. దిమ్మెలో ముందే పోసిన బోల్టులకి అడుగు ప్లేటు కూర్చున్నాక మేస్త్రి గుండు వేలాడదీసి నాలుగు వైపులా చూశాడు. అంతా అనుకున్నట్టే జరిగింది కాబట్టి రాయడానికి పెద్దగా లేదు.

పొద్దెక్కాక జనం ఆగడం మొదలైంది. ఒక మెకానిక్ తమ్ముడు బండి దిగి, సంచి కింద వంగి చూసి, "అక్కా, ఇది పాత మోడల్ స్ప్లెండర్ ట్యాంకు, కాక్ ఇటువైపుండేది" అన్నాడు. తర్వాత ఒక్కో పార్టూ పక్కనున్న వాళ్ళకి ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పెద్దావిడకి పార్టులతో పని లేదు. "మా చెరువు పిట్టే" అని మనవడికి చూపించింది. నాకు ఇద్దరూ కావాలి, ఇద్దరూ ఒకే రోజు వచ్చారు.

కార్తీకం: మొంథా తర్వాత

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. పొద్దున్నే వాన తగ్గకుండానే వెళ్ళి చూశాను. పక్షి నిలబడే ఉంది. పూర్తి గాలి మనవైపు రాలేదు కాబట్టి ఇది అసలు పరీక్ష కాదని ఇంజినీరు మిత్రుడు ముందే చెప్పాడు, అదీ రాసుకోవాలి.

నిచ్చెన వేసి అంతా తట్టి చూశాం. ఎడమ రెక్కలో ఒక ఈక బోల్టు కాస్త వదులైంది, టాకా పెట్టబట్టి నట్టు ఊడలేదు. దానికి స్ప్రింగు వాషరు వేసి మళ్ళీ బిగించాం. వేసిన రంధ్రాల్లోంచి నీళ్ళు పోతున్నాయి, ఒక్కటి మాత్రం ఆకు అడ్డుపడి మూసుకుంది. దాన్ని పెద్దది చేశాం. మొద్దు అడుగున, ప్లేటు చుట్టూ సన్నగా ఎర్రటి చార మొదలైంది. గీకి ప్రైమరు పూశాం, ఆ చోటు మీద కన్నేసి ఉంచాలి. ఏడాదికోసారి, వానలకి ముందు, మొత్తం తట్టి చూసి మచ్చలు పూసేందుకు చందాల్లో కొంత డబ్బు విడిగా బ్యాంకులో వేయించాను. ప్రారంభోత్సవం రోజు పూలదండలకి పెట్టే ఖర్చుతో అయిదేళ్ళ రంగు వస్తుంది.

నేల సంగతి ఇప్పుడే తేలదు. రేగడి వచ్చే వేసవికి ఎండి బీటలు వారాక, మేస్త్రితో మళ్ళీ గుండు వేయించి దిమ్మె ఒరిగిందో లేదో చూడాలి. అప్పటిదాకా కొలతలు పుస్తకంలో రాసి పెట్టాం.

ఈలోగా ఎదురు జాగాలో ఎర్రకాళ్ల కొంగ కావాలంటున్నారు. దానికి అసలు చిక్కు కాళ్ళే: సన్నగా, పొడుగ్గా, ఒంటి బరువంతా వాటి మీదే. బైకు ఫోర్కు రాడ్లు సరిపోతాయా, లోపల గట్టి కడ్డీ దూర్చాలా అని లెక్క వేయిస్తున్నాను. యాక్సిడెంటు బండ్ల రాడ్లు చాలావరకు వంగి ఉంటాయి. వంగనివి వస్తే కాటా వేయకుండా పక్కన పెట్టమని ఆటోనగర్ షాపులన్నిటికీ చెప్పి ఉంచాను.